రిటైరయ్యాక అరకు వెళ్ళిపోదామా?

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల కార్యదర్శి గారు ఫోన్ చేసి, "కరువు భత్యం గురించి, బకాయిల గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. మీరు కొండమీద కాపురం పెట్టి దిగివచ్చిన మనిషి. మనవాళ్ళలో నలుగురైదుగురు అరకు వెళ్ళిపోతాం, అక్కడే ఇల్లు కట్టుకుంటాం అని నన్ను అడుగుతున్నారు. వాళ్ళకు పనికొచ్చేలా నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను వక్తను కాను. ముప్పై ఎనిమిదేళ్ళు స్టేషన్లలో నైట్ డ్యూటీలు చేసినవాణ్ణి. కనుక నాకు జరిగినది జరిగినట్టు చెబుతాను. తప్పులుంటే మన్నించండి.

ముందుగా ఒక మాట. కొండ ఊరికి వెళ్ళి ఉండాలనే కోరిక తప్పు కాదు. ఈ వయసులో అది చాలా సహజమైన కోరిక. విశాఖలో మే నెల ఉక్కపోతలో, కరెంటు పోయిన మధ్యాహ్నం, ఇరుగింటి మోటారు మోతలో కూర్చున్న ఏ పెద్దమనిషికైనా అనంతగిరి గాలి గుర్తొస్తే అందులో ఆశ్చర్యం ఏముంది?

నాకు ఆ గాలి మరీ ముందునుంచీ పరిచయం. 1982 నుంచి 1986 దాకా నేను కొత్తవలస – కిరండూల్ లైనులో, శిమిలిగుడ స్టేషనులో అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుగా పనిచేశాను. మీలో ఆ లైనులో పనిచేసినవాళ్ళు ఉన్నారు, వారికి చెప్పనక్కర్లేదు. తెలియనివారి కోసం చెబుతున్నాను. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాను పంపడం కోసం 1960వ దశకంలో ఈ లైను వేశారు. యాభై ఎనిమిది సొరంగాలు తవ్వారు. శిమిలిగుడ సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటుంది. దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలోకీ ఎత్తైనదని చాలాకాలం దానికి పేరు. దాని పక్క స్టేషనే అరకు. అది సుమారు తొమ్మిది వందల మీటర్లు, అంటే మూడువేల అడుగులు.

అప్పుడు నాకు ముప్పై మూడేళ్ళు. మా అమ్మాయి ఓనమాలు దిద్దింది ఆ రైల్వే క్వార్టర్సులోనే. రాత్రి రెండు గంటలకు లోడు గూడ్సు కిందికి దిగుతుంటే ప్లాట్‌ఫారం మీద లాంతరు పట్టుకుని నిలబడేవాణ్ణి. పొగమంచులో ఇంజను దీపం ముందు కనిపించేది కాదు, చప్పుడే ముందు వచ్చేది. బండి వెళ్ళిపోయాక మీద పడిన ఎర్రటి దుమ్ము తువ్వాలుతో దులుపుకుని, గ్యాంగ్‌మన్ కాచి ఇచ్చిన నల్ల టీ తాగేవాణ్ణి. ఆ చలి, ఆ టీ, ఆ నిశ్శబ్దం నాతో పాటు మైదానానికి దిగి వచ్చాయి. తరువాత ఇరవై మూడేళ్ళు ఎక్కడ పనిచేసినా, 'రిటైరయ్యాక అరకులో చిన్న ఇల్లు' అని మా ఇంటావిడతో అంటూనే ఉన్నాను. ఆవిడ 'ఊఁ' అంటూనే ఉంది. ఆ 'ఊఁ' ఒప్పుకోలా, ఊరుకోమనా అని నేను ఒక్కనాడూ అడగలేదు. మిత్రులారా, ఇది నా మొదటి తప్పు.

2009లో రిటైరయ్యాను. అదృష్టమో ఏమో, మరుసటి ఏడాది మా అల్లుడికి అరకు బదిలీ అయింది. ప్రభుత్వ క్వార్టరు ఇచ్చారు. "మావయ్యగారూ, మీకు ఇష్టమైన ఊరు కదా, అత్తయ్యగారిని తీసుకుని వచ్చేయండి" అన్నాడు. 2010 సెప్టెంబరులో విశాఖ ఇంటికి తాళం వేసి, రెండు ట్రంకు పెట్టెలతో కిరండూల్ పాసింజరు ఎక్కాం. పొద్దున్న బయలుదేరితే అరకు చేరడానికి నాలుగు గంటలు. శివలింగపురం దాటి సొరంగాలు మొదలయ్యేసరికి నేను కిటికీ వదలలేదు. నా పక్కన చిన్నపిల్లలున్నారు. వాళ్ళు ఒక్కో సొరంగానికీ కేకలు వేస్తున్నారు. నేను కేకలు వేయలేదు కాని లోపల నాదీ అదే పరిస్థితి.

మొదటి నాలుగు నెలలూ స్వర్గమే. అబద్ధం చెప్పను. నవంబరు, డిసెంబరులలో వలిసె పూలు పూస్తాయి. లోయ అంతా పసుపు ఆరబోసినట్టు ఉంటుంది. పొద్దున్న తొమ్మిది దాకా మంచు విడిపోదు. వారపు సంతలో గిరిజనులు తెచ్చిన అల్లం, పసుపు, పిప్పళ్ళు, రాజ్‌మా గింజలు, కొండ చీపుళ్ళు కొనుక్కునేవాళ్ళం. నాకు రక్తపోటు ఉంది కాని నడక బాగా సాగడంతో నాలుగు కిలోలు తగ్గాను. రాత్రి ఫ్యాను అక్కర్లేదు, దోమల మోత తక్కువ, మనసు నిమ్మళం. స్నేహితులకు ఉత్తరాలు రాశాను, 'మీరు కూడా వచ్చేయండి' అని. ఆ ఉత్తరం అందుకున్న ఇద్దరు ఈ సభలో ఉన్నారు. వారు రాకపోవడమే మంచిదయింది.

అలా ఉండగా సంక్రాంతి ముందు ఒక మధ్యవర్తి పరిచయమయ్యాడు. రోడ్డుకు దగ్గరలో ఇరవై సెంట్ల స్థలం ఉంది, ఆరు లక్షలు అన్నాడు. నా గ్రాట్యుటీ డబ్బు బ్యాంకులో ఉంది. వెళ్ళి చూశాను. వెనక కొండ, ముందు వలిసె చేను, పక్కనే చిన్న గెడ్డ. మనసు పారేసుకున్నాను. కాగితాల సంగతి అడిగితే అతను నవ్వి, "స్థలం ఇక్కడి గిరిజనుడి పేరునే ఉంటుంది సార్. మీకు విడిగా ఒప్పందం రాసిస్తారు. ఇల్లు మీది, పేరు వాళ్ళది. అందరూ ఇలాగే చేస్తున్నారు" అన్నాడు. రెండు లక్షలు అడ్వాన్సు ఇవ్వడానికి తారీఖు కూడా అనుకున్నాం.

ఇక్కడ కాస్త ఆగి చట్టం సంగతి చెప్పాలి. మనలో చదువుకున్నవాళ్ళకు కూడా ఇది సరిగా తెలియదు. నాలుగేళ్ళు అక్కడ ఉద్యోగం చేసిన నాకే తెలియదు, ఇంక ఇతరుల మాట చెప్పేదేముంది?

అరకు, పాడేరు, చింతపల్లి, లంబసింగి, అటు మారేడుమిల్లి - మనం 'ఏజెన్సీ' అని పిలిచే ఈ ప్రాంతాలు రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద షెడ్యూల్డు ప్రాంతాలు. ఇక్కడ గిరిజనుల భూమికి రక్షణ ఇంగ్లీషువాళ్ళ కాలం నుంచీ ఉంది. 1917లోనే మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూముల బదిలీ మీద చట్టం చేసింది. ఆ తరువాత 1959లో ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతాల భూ బదలాయింపు నిబంధన వచ్చింది. 1970లో దానిని సవరించి బాగా గట్టి చేశారు. మనవాళ్ళు '1/70 చట్టం' అనేది దీనినే. దీని సారాంశం ఒక్క ముక్కలో చెబుతాను. షెడ్యూల్డు ప్రాంతంలో స్థిరాస్తిని ఎవరు బదలాయించినా సరే, అది గిరిజనుడికి గాని, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి గాని అయితేనే చెల్లుతుంది. గిరిజనేతరుడికి బదలాయిస్తే చెల్లదు. అమ్మేవాడు కూడా గిరిజనేతరుడే అయినా చెల్లదు. బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు. కౌలు, తాకట్టు, దానం, మార్పిడి అన్నీ అందులోకే వస్తాయి. అక్కడ గిరిజనేతరుడి స్వాధీనంలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవలసిన బాధ్యత మనదే. 1978 సవరణతో శిక్ష కూడా చేర్చారు.

ఇంకొకరి పేరున కొని మనం అనుభవిస్తాం అంటే అది బినామీ. 1988 నాటి బినామీ చట్టాన్ని 2016లో సవరించారు. ఇప్పుడు దానికి ఏడాదికి తక్కువ కాకుండా ఏడేళ్ళ దాకా జైలు, ఆస్తి విలువలో నాలుగో వంతు దాకా జరిమానా, పైగా ఆస్తి జప్తు. పెన్షనరు జీవితంలో ఇవేమీ చూడవలసినవి కావు.

ఈ చట్టాలు నాకు చెప్పినది ప్లీడరు కాదు. మా పాత గ్యాంగ్‌మన్. శిమిలిగుడలో నాకు నల్ల టీ కాచి ఇచ్చిన మనిషే. ఆయనా మనలాగే రైల్వే పెన్షనరు. నాకంటే మూడేళ్ళు పెద్ద. సంతలో కనబడినప్పుడల్లా పలకరించుకునేవాళ్ళం. ఒక సాయంత్రం మా క్వార్టరుకు వచ్చి, వరండాలో కుర్చీ వేసినా కూర్చోకుండా మెట్టు మీద కూర్చుని ఇలా అన్నాడు.

"బాబూ, నువ్వు చూసిన చెక్క నా తమ్ముడి కొడుకుది. ఆడికి అప్పుంది. అందుకని ఒప్పుకున్నాడు. నువ్వు మంచోడివి, నీ వల్ల ఆడికి కష్టం రాదు. కానీ రేపు నువ్వు ఉండవు, నేను ఉండను. అప్పుడు నీ పిల్లలూ మా పిల్లలూ కోర్టుకెక్కుతారు. నీకు సొమ్ము పోద్ది, మాకు భూమి పోద్ది. కింద నీకో ఇల్లుంది. మాకు ఇది తప్ప ఇంకేటుంది బాబూ?"

నేను ఏమీ అనలేకపోయాను. ఆయన కోపంగా అనలేదు, బతిమాలుతున్నట్టు కూడా అనలేదు. సిగ్నలు పడలేదని చెప్పినట్టు చెప్పాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 1922లో అల్లూరి సీతారామరాజు గారి వెంట మన్యం ఎందుకు కదిలిందో మనం పిల్లలకు పాఠం చెబుతాం. పోడు మీద ఆంక్షలు, అడవిలో అడుగు పెట్టనివ్వకపోవడం, వెట్టి చాకిరీ అని చెబుతాం. 2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాకు ఆయన పేరు పెట్టినప్పుడు చప్పట్లు కొట్టాం. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలోని గనుల లీజుల మీద 'సమత' కేసులో 1997లో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, ప్రభుత్వం కూడా షెడ్యూల్డు ప్రాంతంలో తన భూమిని గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వరాదని చెప్పిన సంగతి పేపర్లో చదివి 'భేష్' అన్నాం. తీరా నా వంతు వచ్చేసరికి, వెనక కొండ, ముందు వలిసె చేను అని ఆరు లక్షలతో బయలుదేరాను. మర్నాడు మధ్యవర్తికి వద్దని చెప్పేశాను. ఆ కుర్రవాడి అప్పు సంగతి గ్యాంగ్‌మన్‌తో మాట్లాడి, నేను చేయగలిగిన చిన్న సర్దుబాటు చేశాను. మూడేళ్ళలో ఆ డబ్బు పైసాతో సహా తిరిగి ఇచ్చాడు.

స్థలం లేకపోయినా అల్లుడి క్వార్టరు ఉంది కదా, ఉండిపోదాం అనుకున్నాను. ఇక వానాకాలం సంగతి చెబుతాను.

జూన్ చివర నుంచి అక్కడ వాన పడితే వారాల తరబడి పడుతుంది. బట్టలు ఆరవు. పప్పులు బూజు పడతాయి. మా ఇంటావిడకు మోకాళ్ళ నొప్పులు. ఎత్తుపల్లాల దారి, తడిసిన రాళ్ళు, అందుచేత గడప దాటడం మానేసింది. అమ్మాయీ అల్లుడూ ఉద్యోగాలకు, మనవడు బడికి. నాకు స్టేషనులో పాతవాళ్ళు, సంతలో పరిచయస్థులు ఉన్నారు. ఆవిడకు ఎవరున్నారు? పక్కింటివాళ్ళు ఇంట్లో ఆదివాసీ ఒరియా మాట్లాడుకుంటారు. మంచివాళ్ళే, పనసకాయ కోస్తే సగం మాకు పంపేవారు. కాని మనసులో మాట చెప్పుకునేంత భాష కలవలేదు. విశాఖలో అయితే సాయంత్రం గుడి అరుగు మీద ఆవిడ స్నేహితురాళ్ళు ఆరుగురు. నేను కొండను చూస్తూ మురిసిపోయినన్నాళ్ళూ ఆవిడ కిటికీలోంచి వాన చూస్తూ గడిపింది. నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. అనకపోవడాన్ని నేను సంతోషం అనుకున్నాను.

2011 ఆగస్టులో ఒక రాత్రి పదిన్నరకు నాకు ఛాతీలో నొప్పి వచ్చింది. అజీర్తి అనుకుని అరగంట సోడా తాగుతూ కూర్చున్నాను. ఇది నా రెండో తప్పు. చెమటలు పట్టాక అమ్మాయి భయపడి 108కి ఫోన్ చేసింది. ఆ వేళ అల్లుడు పనిమీద పాడేరులో ఉన్నాడు. అక్కడి ఆస్పత్రిలో డాక్టరు గారు ఇ.సి.జి. తీసి, మాత్రలు వేసి, "గుండెపోటే. ఆలస్యం చేయకుండా విశాఖ తీసుకెళ్ళండి" అన్నారు. తన చేతిలో ఉన్నదంతా ఆయన చేశారు. పాసింజరు ఎప్పుడో వెళ్ళిపోయింది. మిగిలింది ఘాట్ రోడ్డు.

అరకు నుంచి విశాఖకు రోడ్డున సుమారు నూట పదిహేను కిలోమీటర్లు. పగలు, పొడి రోజున మూడు, మూడున్నర గంటల ప్రయాణం. ఆ రాత్రి సుంకరమెట్ట దాటాక పొగమంచు కమ్మేసింది. బండి దీపం వెలుగు బానెట్ మీదే ఆగిపోయింది. గాలికొండ దగ్గర సహాయకుడు దిగి టార్చి పట్టుకుని ముందు నడిచాడు, వెనక ఆంబులెన్సు. ఒకచోట చెట్టు కొమ్మ విరిగి పడితే దాన్ని లాగేదాకా ఆగాం. ఒకప్పుడు నేను ఏ పొగమంచులో లాంతరు పట్టుకుని బండ్లు దాటించి గర్వపడ్డానో, అదే పొగమంచు. ఈసారి బండిలో పడుకున్నవాణ్ణి నేను. అనంతగిరి, కాశీపట్నం, శృంగవరపుకోట... తెల్లవారుజామున నాలుగు గంటలకు విశాఖ చేరాం. నొప్పి మొదలైనప్పటి నుంచి అయిదున్నర గంటలు.

ప్రాణం దక్కింది. స్టెంటు వేశారు. కాని డాక్టరు గారు చెప్పిన మాట మీకు చెప్పాలి. గుండెపోటులో రక్తనాళం మూసుకుపోయినంతసేపూ గుండె కండరం చచ్చిపోతూనే ఉంటుంది. గంట గడిస్తే ఒక నష్టం, అయిదు గంటలు గడిస్తే మరో నష్టం. పోయిన కండరం తిరిగి రాదు. "రెండు గంటల ముందు వచ్చి ఉంటే మీ గుండె ఇంకా బలంగా ఉండేది" అన్నారాయన. అందుకే నేను ఇవాళ మెట్లెక్కి ఈ వేదిక మీదికి రావడానికి మధ్యలో ఒకసారి ఆగవలసి వచ్చింది. మీరు గమనించే ఉంటారు.

ఆస్పత్రిలో నాలుగో రోజున మా ఇంటావిడను అడిగాను, "ఆ రాత్రి బాగా భయపడ్డావా?" అని. "మీ చెయ్యి పట్టుకుని మైలురాళ్ళు లెక్కపెట్టాను. మంచులో కొన్ని కనబడలేదు" అంది. అంతే. నేను ఇరవై అయిదేళ్ళుగా అడగని ప్రశ్న అప్పుడు అడిగాను: "నీకు అక్కడ ఉండటం ఇష్టమేనా?" "మీకు ఇష్టం కదా అని ఉన్నాను" అంది.

మిత్రులారా, తరువాత తీరుబడిగా పడుకుని ఆలోచించుకుంటే నాకొక సంగతి తట్టింది. నేను అరకు వెళ్ళింది కొండ కోసం కాదు. నా ముప్పై మూడో ఏడు కోసం. లాంతరు పట్టుకుని చలిలో నిలబడిన ఆ మనిషి అక్కడ ఇంకా ఉంటాడేమో, కలుసుకుందాం అని వెళ్ళాను. కొండ ఉంది, మంచు ఉంది, వలిసె పూలున్నాయి. ఆ మనిషి లేడు. ఆయనకు ఉన్న గుండె నాకు లేదు. మీలో ఎవరైనా పూర్వం పనిచేసిన అందమైన ఊరికి వెళ్ళి స్థిరపడాలనుకుంటుంటే, ముందు ఈ ఒక్క ప్రశ్న వేసుకోండి: వెళ్ళాలన్నది ఆ ఊరికా, ఆ వయసుకా?

ఇక వెళ్ళి తీరాలనుకునేవారికి అనుభవంతో కొన్ని సూచనలు.

ఒకటి. పూల కాలంలో చూసి నిర్ణయం తీసుకోకండి. జూలై, ఆగస్టులలో నెల రోజులు ఉండి చూడండి. చలికాలం చివర ఇంకో పదిహేను రోజులు ఉండండి. చలికి రక్తపోటు పెరుగుతుంది. ఉబ్బసం ఉన్నవారికి చలిగాలీ, కట్టెల పొగా కలిస్తే కష్టం. అరకు ఎత్తు వల్ల మాత్రం ఎవరికీ ఊపిరి ఆడకపోవడం ఉండదు. ఆ బాధ సాధారణంగా రెండున్నర వేల మీటర్లు దాటాకే. అలాగే ఏజెన్సీలో మలేరియా ఉందని మరిచిపోకండి. దోమతెర కట్టుకోండి, జ్వరం వస్తే రక్తపరీక్ష వెంటనే చేయించండి.

రెండు. గుండె ఆస్పత్రి ఎన్ని కిలోమీటర్లు అని అడగకండి. వానాకాలంలో అర్ధరాత్రి ఎన్ని గంటలు అని అడగండి. రోడ్లూ, వైద్యమూ ఏటేటా మెరుగుపడవచ్చు. కాని ఘాట్ ఘాటే.

మూడు. భూమి చట్టం ముందు చదవండి, స్థలం తరువాత చూడండి. మన ఏజెన్సీ సంగతి చెప్పాను. ఇతర రాష్ట్రాల్లోనూ ఊరికే కొనేయడం కుదరదు. హిమాచల్ ప్రదేశ్‌లో 1972 నాటి కౌలుదారీ, భూసంస్కరణల చట్టం 118వ సెక్షను ప్రకారం, ఆ రాష్ట్రంలో వ్యవసాయదారు కానివారు ప్రభుత్వ అనుమతి లేనిదే భూమి కొనలేరు. నీలగిరిలో ఊటీ, కూనూరులలో ఇల్లు కట్టాలంటే కొండ ప్రాంతాలకు ప్రత్యేకమైన నిబంధనలున్నాయి. చల్లగా ఉండాలి, చట్టపు చిక్కు తక్కువ ఉండాలి అనుకునేవారు మదనపల్లె వైపు చూడవచ్చు. ఊరు సుమారు ఏడు వందల మీటర్ల ఎత్తున ఉంది, హార్సిలీ కొండలు దగ్గర. అక్కడైనా మొదట అద్దెకు ఉండండి.

నాలుగు. పెన్షను కాగితాలు. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్‌కు ఇప్పుడు కొండ దిగనక్కర్లేదు. 2014 నవంబరు నుంచి జీవన్ ప్రమాణ్ పద్ధతిలో వేలిముద్రతో ఇవ్వవచ్చు. రైల్వే వైద్య పథకంలో ఉండి, రైల్వే ఆస్పత్రికి దూరంగా ఉంటున్నవారికి స్థిర వైద్య భత్యం ఉంది. 2017 జూలై నుంచి దానిని నెలకు వెయ్యి రూపాయలు చేశారు. అయితే భత్యం తీసుకుంటే బయటి రోగుల విభాగంలో చూపించుకునే విషయంలో షరతులుంటాయి. సంఘం కార్యాలయంలో కనుక్కుని మరీ ఎంచుకోండి.

ఐదు. ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఇద్దరిలో ఒకరు ముందు వెళ్ళిపోతారు. మిగిలినవారు ఆ ఇంట్లో, ఆ ఊళ్ళో, ఆ భాషలో ఒంటరిగా ఉండగలరా? ఈ ప్రశ్న భార్యాభర్తలు ఇద్దరూ కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ మాట్లాడుకోండి. 'ఊఁ' అంటే చాలదు. సోదరీమణులకు నా మనవి ఏమిటంటే, మీరు కూడా 'ఊఁ' అని ఊరుకోకండి. ఇష్టం లేకపోతే లేదనండి. ఇష్టముంటే ఉందనండి. మా సంగతి తలకిందులైన ఇళ్ళు కూడా ఉంటాయి. ఆవిడకు కొండ కావాలి, ఆయన పేకాట బల్ల వదలరు.

అయితే అరకును నేను వదిలేశాననుకోకండి. డాక్టరు గారిని అడిగి, మందులు సంచిలో పెట్టుకుని, ఏటా డిసెంబరులో మేమిద్దరం పాసింజరు ఎక్కుతాం. మూడు రోజులు టూరిజం గెస్ట్‌హౌసులో ఉంటాం. సంతకు వెళ్తాం. ఆవిడ నాతో పాటు నడుస్తుంది, ఎందుకంటే నాలుగో రోజు ఇంటికి వెళ్తామని ఆవిడకు తెలుసు. గ్యాంగ్‌మన్ 2019లో కాలం చేశాడు. ఆ ఏడే అరకు అరాబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేను కొనబోయిన ఇరవై సెంట్లూ, దాని వెనకనున్న చెక్కా ఇప్పుడు కాఫీ తోట. పైన సిల్వర్ ఓక్ నీడ, మానులకు మిరియపు తీగలు, కింద కాఫీ మొక్కలు. ఆ కుర్రవాడు, ఇప్పుడు కుర్రవాడేమీ కాదు, ఏటా మాకు ఒక సంచి కాఫీ గింజలు ఇస్తాడు. డబ్బు తీసుకోడు. మేము వాళ్ళ పిల్లలకు పుస్తకాలు పట్టుకెళ్తాం. నేను అక్కడ ఇల్లు కట్టి ఉంటే ఆ గడపలో నాకు ఈ మర్యాద ఉండేది కాదు.

చివరగా మన సంఘానికి ఒక ప్రతిపాదన. విడివిడిగా ఇళ్ళు కొనుక్కునే ఆలోచనలు మాని, ఏటా నవంబరు చివరిలోనో డిసెంబరులోనో ఇరవై ముప్పై మందిమి కలిసి వారం రోజులు వెళదాం. వెంట ఒక డాక్టరును, ఒక బండిని ఉంచుకుందాం. సంతలో బేరమాడకుండా కొందాం. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ వారి తేనె, పసుపు, కాఫీ పొడి తెచ్చుకుందాం. కొండను చూడటానికి దాన్ని సొంతం చేసుకోనక్కర్లేదు. టిక్కెట్టు కొనుక్కుంటే చాలు. అదీ మనకు రాయితీలో వచ్చేది. 2020లో ఎత్తేసిన ఆ సీనియర్ సిటిజన్ల రాయితీ కోసం మన సంఘం చేసిన తీర్మానం సంగతి కార్యదర్శి గారు తరువాత చెబుతారు.

నాకు డెబ్బై ఆరో ఏడు నడుస్తోంది. ఈ డిసెంబరుకు కూడా రిజర్వేషను చేయించాను, రెండు టిక్కెట్లు. కిటికీ సీటు ఈసారి మా ఇంటావిడకు. ఇన్నేళ్ళూ నేనే కూర్చున్నానని ఈ మధ్యనే చెప్పింది.